పన్నెండు గజాల తాడు

గురువారం పొద్దున సున్నం బకెట్టు చేత పట్టుకుని, నూలు తాడు చుట్ట భుజాన వేసుకుని ఉరుకుందప్ప గోల్ దగ్గరికి వచ్చేసరికి, నేలలో ఒక ఇనుప మేకు కనిపించింది. తాను పెట్టిన తెల్లటి పెనాల్టీ చుక్కకు వెనకగా, రెండడుగులకు పైనే దూరంలో దిగ్గొట్టి ఉంది. దాని తలకు ఎర్ర గుడ్డపీలిక కట్టారు. పద్నాలుగేళ్ళుగా ఈ మైదానంలో గడ్డిపోచ పీకాలన్నా అతన్ని అడిగే పీకేవాళ్ళు. అతను బకెట్టు దింపి, చెప్పు వదిలి, బొటనవేలితో మేకు తలను అటూ ఇటూ నెట్టి చూశాడు. కదల్లేదు.

ఎవరు కొట్టారో వెతకాల్సిన పని లేదు. ఎర్ర గుడ్డలు వాడేది ఒక్క సాయిబాబే. ప్రాక్టీసులో రెండు జట్లు చేసి, ఒక జట్టు భుజాలకు ఎర్ర గుడ్డలు కట్టిస్తాడు. సాయిబాబు జూన్‌లో వచ్చిన కొత్త కోచ్. సింధనూరు పక్కన, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ క్యాంపులో వరి పండించే శేషయ్యగారి అబ్బాయి. శక్తినగర్ కరెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఆ ఫ్యాక్టరీ టీముకు ఆట. పాటియాలా పోయి కోచింగ్ చదివి వచ్చాడని ప్రిన్సిపాల్‌గారు పిలిచి మరీ టీమును అప్పగించారు. అంతకు ముందు నాలుగేళ్ళు కాలేజీకి కోచ్ అనే మనిషే లేడు. పిల్లల్ని పరిగెత్తించింది, చిరిగిన బంతులు కుట్టింది, గుల్బర్గా దాకా బస్సులో తీసుకుపోయి తీసుకొచ్చింది ఉరుకుందప్పే. అతని ఉద్యోగం పేరు మాత్రం మార్కర్. అంటే గీతలు గీసేవాడు.

ఏడింటికి స్కూటర్ చప్పుడు వినపడగానే పిల్లలు గేటు వైపు పరిగెత్తారు. ఒకడు కోచ్ సంచీ అందుకున్నాడు, ఒకడు బంతుల వల అందుకున్నాడు. ఒకప్పుడు వీళ్ళే సున్నం బకెట్టు నేను మోస్తానంటే నేను మోస్తానని కొట్లాడుకునేవాళ్ళు. ఉరుకుందప్పకు కడుపులో మంట లేచింది. జూన్ నుంచి రోజూ ఇదే వేళకు లేస్తుంది, ఇంటికి పోయి రొట్టె తిన్నా చల్లారదు.

"సార్, గీ మేకు ఏంది? ఎవడన్న కాలు కోసుకుంటడు," అన్నాడు.

సాయిబాబు అతని భుజాన ఉన్న తాడు వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. "అదాండీ పెద్దాయనా... కుర్రాళ్ళు కొన్నాళ్ళు అక్కణ్ణుంచి పెనాల్టీలు కొడితే కాలికి బలం వస్తుందని. మీ చుక్క అలాగే ఉండనివ్వండి. దాన్నేం చెయ్యొద్దు."

మీ చుక్క! చుక్క తనది, టీము మాత్రం ఈయనది. ఉరుకుందప్ప సరేనని తలాడించి, పోయి నీళ్ళ డ్రమ్ము పక్కన కూర్చున్నాడు. పగిలిన బంతి ఒకటి ఒళ్ళో పెట్టుకుని, మైనం రాసిన దారం సూదికెక్కించాడు గానీ చూపంతా గోల్ మీదే ఉంది.

కెప్టెన్ అమరేశ్ మేకు దగ్గర బంతి పెట్టి కొట్టాడు. బంతి గోల్ పైకొయ్య మీదుగా లేచి సైకిల్ స్టాండు రేకుల మీద పడింది. రెండోది పక్కకు పోయింది. మూడోది గోల్‌కీపర్ ప్రాణేశ్ వంగి తీరిగ్గా పట్టుకున్నాడు. బంతి కుడుతున్న ఉరుకుందప్ప చేయి ఆగిపోయింది. అంత సంతోషం అతనికి ఈ మధ్య కలగలేదు. తన చుక్క మీద నుంచి ఒక్కడు తప్పాడా ఎప్పుడైనా? రాయచూరులో ఆడిన ఏ మ్యాచిలోనూ తప్పలేదు.

నీళ్ళకు వచ్చిన అమరేశ్‌ను మెల్లిగా పిలిచాడు. "నా చుక్క మీద నించి కొట్టురా ఒకసారి. పోతదా చూద్దం."

"ఒద్దు ఉరుకుందన్న. సార్ అక్కడి నించే కొట్టమన్నడు."

"సార్ అన్నడని కాళ్ళు ఇరగ్గొట్టుకుంటావ్ రా?"

అమరేశ్ నవ్వి, నోట్లో నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయాడు. మంచి పిల్లాడే. అదే ఉరుకుందప్ప బాధ. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకోవచ్చు.

రోజులు గడుస్తున్నకొద్దీ ఆ సంతోషం కూడా తరిగిపోయింది. పై వారం శనివారానికల్లా అమరేశ్ బంతులు సైకిల్ స్టాండు ఎక్కడం మానేశాయి. మేకు దగ్గర నుంచి పదింట ఏడు లోపల పడుతున్నాయి. ప్రాణేశ్‌కు సాయిబాబు విడిగా పాఠం చెబుతున్నాడు. "తొందరపడి దూకకు. కొట్టేవాడి కాలు బంతికి తగిలేదాకా చూడు. మనసులో ఒకటి అనుకో. అప్పుడు దూకు. అంత టైము ఉంటుంది నీకు." ప్రాణేశ్ పెదవులు కదిలేవి, ఒకటి, ఆ తర్వాత దూకేవాడు. బంతి చేతికి తగిలేది. తగిలినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. నాలుగేళ్ళు వాణ్ణి గోల్‌లో నిలబెట్టి బంతులు విసిరి విసిరి భుజం నొప్పి తెచ్చుకున్న మనిషి ఒకడు డ్రమ్ము పక్కన ఉన్నాడని ఎవరికీ గుర్తు లేదు. ఉరుకుందప్ప సూది వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. అంగీకి తుడుచుకున్నాడు.

వచ్చే శనివారం లింగసుగూరు కాలేజీతో సెమీఫైనల్. ఆట ఇక్కడే, ఈ మైదానంలోనే.

*

ఆదివారం కాలేజీకి సెలవు. పక్కింటి మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చుకుని, మధ్యాహ్నం ఉరుకుందప్ప ఒక్కడే మైదానానికి వచ్చాడు. ఆ మేకు తప్పని తేల్చాలి. కోచ్‌గారు టేపు పట్టకుండా అడుగులు వేసి కొలిచి ఉంటాడని అతనికి గట్టి నమ్మకం. అది తేలితే సోమవారం పొద్దున పిల్లలందరి ముందు, ఎంతో మర్యాదగా, సార్ మీ లెక్క జర చూసుకోండి అనవచ్చు. ఆ మాట ఎలా అనాలో దారి పొడుగునా నోట్లో తిప్పుకుంటూనే వచ్చాడు.

రొట్టెల గంప నెత్తిన పెట్టుకుని వెనకాలే యంకమ్మ వచ్చింది. మొగుడు తిండి మానేసి టేపు పట్టుకుని పోయాడంటే ఏదో ఉందని ఆమెకు తెలుసు. జొన్నరొట్టెలు, పుండికూర నీడన పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"ఆ కొస పట్టుకో. గోల్ గీత మీద పెట్టి కాలితో తొక్కు."

ఆమె బొటనవేలితో తొక్కింది. ఉరుకుందప్ప టేపు లాక్కుంటూ తన చుక్క దాకా వచ్చి వంగాడు. చూశాడు. టేపు మెలిక పడిందేమోనని దులిపి, బిగించి, మళ్ళీ చూశాడు.

"ఎంతొచ్చె?"

"ముప్పై మూడున్నర."

"ఎంత రావాలె?"

అతను టేపు ఇంకా లాగి మేకు దాకా వెళ్ళాడు. ముప్పై ఆరు అడుగులు, అంటే పన్నెండు గజాలు. నూలు పోగంత తేడా లేదు.

అప్పుడు భుజాన ఉన్న తాడు తీసి టేపు పక్కన పరిచాడు. ఈ తాడును అతనికి ఇచ్చింది మొదట్లో ఉన్న ఆటల మాస్టరు. తానే టేపుతో కొలిచి, పన్నెండు గజాలకు ఒక ముడి, పద్దెనిమిదికి ఒక ముడి వేయించి, ఇది ఉంటే నీకు ఇంకెవడూ అక్కర్లేదన్నాడు. మైదానం నాలుగు మూలలా పాతిన రాళ్ళున్నాయి. లోపలి గీతలన్నీ ఈ తాడే చెప్పాలి. ఏటేటా గీశాడు. తాడుతో నేలను కొలిచాడు గానీ, తాడును దేనితోనూ కొలవలేదు.

యంకమ్మ వంగి చూసి ఫక్కున నవ్వింది. "కుంచకపోయింది! ఏటేట సున్నపు నీళ్ళల్ల ముంచితివి, ఎండల ఆరేస్తివి. నూలుది కుంచకపోక ఏమైతది? నా పెండ్లి చీర సూడు, ఇప్పుడు మడమలకు అందుతలేదు. నేను పెరిగిన అనుకుంటివా?"

అతను నవ్వలేదు. ఆమె నవ్వు కూడా మెల్లగా ఆగిపోయింది. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు చుక్క వైపూ మేకు వైపూ చూసింది.

"అంటే మనోళ్ళు ఇక్కడ దగ్గర నించి కొట్టి కొట్టి, గుల్బర్గాల మాత్రం దూరం నించి కొట్టిన్రు గద," అంది. "అంటే ఈరప్ప..."

"నోరు ముయ్యి."

"నేను మూస్త. ఆ పిల్లగాడు మాత్రం నీ మాటకు ఆటనే మూసిండు."

రెండేళ్ళ క్రితం గుల్బర్గా ఫైనల్లో ఆఖరి పెనాల్టీ ఈరప్పది. బంతి నేరుగా పోయి అవతలి గోల్‌కీపర్ చేతుల్లో పడింది. రాయచూరు బస్టాండులో బస్సు దిగాక, టీమంతా చూస్తుండగా, మెయిన్ గేటు దగ్గర అరటిపండ్లు అమ్ముకునే వాళ్ళమ్మ ఉలిగెమ్మ చూస్తుండగా, ఉరుకుందప్ప వాణ్ణి పట్టుకుని అరిచాడు. కాళ్ళల్ల దమ్ము లేనోనివి, నా మైదాన్ల అడుగు పెట్టకు అన్నాడు. వాడు పెట్టలేదు. చదువు కూడా వదిలేసి, శక్తినగర్ బూడిద లారీల మీద కూలికి పోతున్నాడు. ఆనాటి నుంచి ఉరుకుందప్ప బస్టాండుకు వెనక గేటు నుంచే పోతాడు.

రొట్టె విరిచి, తినకుండానే మళ్ళీ గంపలో పెట్టాడు. సిగ్గుపడాల్సింది తానేనని తెలుస్తూనే ఉంది. కానీ ఆ సిగ్గు కంటే ముందు ఇంకొకటి ఎగదన్నింది. సాయిబాబుకు తెలుసు. మేకు కొట్టిన నాడే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు. కాలికి బలం అని కథ చెప్పాడు. పెద్దాయన పరువు పోతుందని దయ తలచాడు! టీమును తీసుకున్నాడు, పిల్లల్ని తీసుకున్నాడు, ఇప్పుడు జాలి కూడా పడుతున్నాడు. తప్పు పట్టి నలుగురిలో తిట్టి ఉంటే ఇంత మండేది కాదు.

"రేపు పొయ్యి సార్‌తోని చెప్పు," అంది యంకమ్మ గంప ఎత్తుకుంటూ. "తాడు తప్పు, తెల్వకపాయె అను. ఏం పోతది?"

"నువ్వు ఇంటికి నడువు."

*

సోమవారం చెప్పలేదు. మంగళవారం కూడా చెప్పలేదు. రోజూ మైదానంలో గీతల మీద కొత్త సున్నం పోస్తూ, మేకు దగ్గరికి రాగానే పక్కకు తిరిగి పోయేవాడు. సాయిబాబు కూడా అతనితో మాట్లాడటానికి వచ్చి, ఎండ గురించో బంతుల గురించో రెండు మాటలు మాట్లాడి పోయేవాడు. ఇద్దరి మధ్యా ఆ తాడు ఉంది. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ దాని మాటెత్తరు.

శుక్రవారం సాయంత్రం పిల్లలు వెళ్ళిపోయాక సాయిబాబు సామాన్ల గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపల ఉరుకుందప్ప బూట్లకు ఆముదం రాస్తున్నాడు.

"పెద్దాయనా, రేపు పొద్దున్న నాకు ఫ్యాక్టరీలో డ్యూటీ అండి. ఎంత అడిగినా సెలవివ్వలేదు. మ్యాచి టైముకు పడతా లేస్తా వచ్చేస్తాను. లైన్లు మీరే గీయాలి."

"నేను గాక ఇంకెవరు గీస్తరు సార్?"

"అదేననుకోండి..." సాయిబాబు గుమ్మానికి చేరబడి తన బూట్ల వైపు చూసుకున్నాడు. "స్టీలు టేపు ఆ కొక్కేనికి తగిలించాను. ఓసారి దాంతో కూడా చూసుకోండి. పెనాల్టీ స్పాటూ, బాక్సూ."

ఉరుకుందప్ప బూటు కింద పెట్టాడు. "ఎందుకు సార్?"

చెప్పు, అనుకున్నాడు. ఇప్పుడు చెప్పు. నీ తాడు పొట్టి, నువ్వు పద్నాలుగేళ్ళు తప్పు గీశావు అని ముఖం మీద అను. అలా అంటే నీ కాళ్ళు పట్టుకోకపోయినా నీ టేపన్నా పట్టుకుంటాను.

"ఊరికేనండి," అన్నాడు సాయిబాబు. "బయట నుంచి రెఫరీ వస్తున్నాడు కదా, అందుకని." స్కూటర్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున ఆరింటికి ఉరుకుందప్ప ఒక చేతిలో స్టీలు టేపు, ఒక చేతిలో నూలు తాడు పట్టుకుని గోల్ గీత మీద చాలాసేపు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బూడిద తెచ్చి పగుళ్ళలో పోసి చదును చేసిన నల్లరేగడి నేల, మంచు తడికి మెత్తగా ఉంది. మైదానం నిండా అతను తప్ప మనిషి లేడు. ఏది సరైనదో తెలియక నిలబడలేదు. తెలిసే నిలబడ్డాడు.

టేపుతో గీస్తే మధ్యాహ్నం అమరేశ్ వచ్చి చూస్తాడు. చుక్క వెనక్కి జరిగిందే ఉరుకుందన్నా అంటాడు. పద్నాలుగేళ్ళు ఎక్కడుండె అంటాడు. తాడుతో గీస్తే సాయిబాబు వచ్చి చూస్తాడు. అప్పుడు ఏం చేస్తాడు? రెఫరీ ముందు, ప్రిన్సిపాల్ ముందు, నోరు తెరిచి చెప్పాల్సిందే. చెప్పనీ! దాచిపెట్టి దయ చూపించడం ఎలాగో అప్పుడు చూస్తాను. చెప్పలేకపోతే, వాడి టీము ఓడితే ఓడనీ. ఆ చివరి మాట మనసులో అంత స్పష్టంగా వినపడేసరికి అతనే ఉలిక్కిపడ్డాడు. కానీ చేతులు ఆగలేదు. టేపు తీసుకుపోయి కొక్కేనికి తగిలించాడు. పట్టకారుతో మేకును ఊపి ఊపి పీకాడు. గుంతలో బూడిద పోసి మడమతో తొక్కాడు. తాడు పరిచి, ముడి దగ్గర చుక్క పెట్టాడు, గుండ్రంగా, తెల్లగా. అంత బాగా ఎప్పుడూ పెట్టలేదు.

*

మూడింటికి ఆట. రెఫరీ మైదానం చుట్టూ నడిచి జెండాలు ఊపి చూశాడు, వల చిరుగులు చూశాడు, బంతి నొక్కి చూశాడు. చుక్క పక్క నుంచే నడిచి వెళ్ళాడు. మంచి లైన్లు అని కన్నడంలో మెచ్చుకున్నాడు కూడా. ప్రిన్సిపాల్ కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. సాయిబాబు ఫ్యాక్టరీ యూనిఫాం మీదే, చెమటలు కక్కుతూ, ఈల ఊదడానికి రెండు నిమిషాల ముందు వచ్చి పడ్డాడు.

సగం ఆట వరకు ఎవరూ గోల్ చేయలేదు. పిల్లలు నారింజ తొనలు చీకుతుంటే సాయిబాబు ఒక్కడే గోల్ వైపు నడిచాడు. గీత మీద నుంచి అడుగులు వేసుకుంటూ వచ్చాడు. చుక్క దగ్గర ఆగాడు. మేకు ఉండాల్సిన చోట నేలను బూటుతో గీకి చూశాడు. తలెత్తి, మైదానం అవతల నీళ్ళ డ్రమ్ము దగ్గరున్న ఉరుకుందప్ప వైపు చూశాడు. ఉరుకుందప్ప చూపు తిప్పుకోలేదు. ఊఁ, పో, చెప్పు.

సాయిబాబు రెఫరీ వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుని, వెనక్కి తిరిగి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆట ఇంకో ఇరవై నిమిషాల్లో అయిపోతుందనగా బాక్సులో మనవాడొకడి చేతికి బంతి తగిలింది. రెఫరీ ఈల ఊది చుక్క వైపు వేలు చూపించాడు. లింగసుగూరు పిల్లాడు బంతి పెట్టి వెనక్కి నడిచాడు. ప్రాణేశ్ గోల్ మధ్యలో మోకాళ్ళు వంచి నిలబడ్డాడు. అవతలివాడు పరిగెత్తుకొచ్చి కొట్టాడు. ప్రాణేశ్ పెదవులు కదలడం ఉరుకుందప్పకు ఇంత దూరం నుంచీ కనిపించింది. ఒకటి. అప్పుడు దూకాడు, దూకాల్సిన వైపే దూకాడు. బంతి వేళ్ళ కొసలు రాసుకుంటూ వెళ్ళి వలలో పడింది.

ముప్పై ఆరడుగుల నుంచి కొట్టి ఉంటే అందేదా? ఎవరు చెప్పగలరు. ఉరుకుందప్ప మాత్రం ఆ ఒకటి అనుకునేంత టైమును ఆ పిల్లాడి చేతుల్లోంచి తానే లాక్కున్నట్టు డ్రమ్ము అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆటలో ఇంకేం జరగలేదు. ఒక్క గోల్‌తో ఓడిపోయారు.

అవతలి పిల్లలు కేకలు వేసుకుంటూ బస్సెక్కుతుంటే ప్రిన్సిపాల్ నేరుగా డ్రమ్ము దగ్గరికి వచ్చారు. సాయిబాబు పది అడుగుల దూరంలో ఉన్నా గొంతు తగ్గించలేదు.

"చూస్తివా ఉరుకుందప్పా? పాటియాలా చదువు చదివితే ఏమొచ్చె? ఆ బయటి మనిషి కంటె నువ్వే నయముంటివి. వచ్చే ఏడు టీము నువ్వే చూసుకో. ఆర్డరు నేను తీయిస్త."

పద్నాలుగేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాడు. జూన్‌లో ఎవరైనా అని ఉంటే ఊరంతా పేడాలు పంచేవాడు. ఇప్పుడు అతని చూపు సాయిబాబు మీదికి పోయింది. సాయిబాబు ముఖం చిన్నబుచ్చుకుని వంగి బంతులు వలలో వేసుకుంటున్నాడు. ఎవరి మీదా నెపం పెట్టలేదు.

అప్పుడే గోల్ దగ్గర నుంచి అరుపు వినపడింది. అమరేశ్ ప్రాణేశ్‌ను అంగీ పట్టుకుని ఊపుతున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ మూగారు.

"చేతుల్ల దమ్ము లేనోనివి, ఎందుకు నిలబడ్డవ్ రా గోల్ల? ఇంకొకసారి మైదాన్ల అడుగు పెట్టకు!"

ఉరుకుందప్ప అటు తిరిగాడు. ఆ మాటలు తనవి. ఆ విరుపు కూడా తనదే. బస్టాండులో ఆ రోజు పక్కనే నిలబడి అమరేశ్ నేర్చుకున్నాడు. ప్రాణేశ్ గ్లౌజులు ఒక్కొక్కటే ఊడదీసి, బూట్ల కుప్ప మీద పెట్టి, గేటు వైపు నడవడం మొదలుపెట్టాడు.

"ప్రాణేశా! ఆగు!"

అరుస్తూనే ఉరుకుందప్ప సామాన్ల గదికి పరిగెత్తాడు. యాభై రెండేళ్ళ వయసులో అతను అంత పరుగు తీయడం అందరూ అదే మొదటిసారి చూడటం. స్టీలు టేపుతో తిరిగొచ్చి దాని కొసను ప్రాణేశ్ చేతిలో పెట్టాడు.

"గోల్ గీత మీద పెట్టి పట్టు. గట్టిగ పట్టు."

"ఎందుకన్న ఇప్పుడు?"

"పట్టురా!"

చుక్క దాకా టేపు లాగి, "అమరేశా, నువ్వొచ్చి సదువు," అన్నాడు. "అందరికి ఇనపడేటట్టు సదువు."

అమరేశ్ వంగాడు. "ముప్పై మూడున్నర... గిట్లెట్ల? ముప్పై ఆరు ఉండాలె గద?"

"నిన్నటి దాంక ఉండె, సార్ కొట్టిన మేకు కాడ. పొద్దుగాల నేనే పీకిన. నా తాడు కుంచకపోయి ఎన్నేండ్లాయెనో. అది నాకు తెల్వక చేసింది. కాని ఇయ్యాల తెలిసే గీసిన. టేపు ఉన్నదని తెలిసి, దాన్ని కొక్కేనికి తగిలిచ్చి, తాడుతోనే గీసిన." అతనికి ఆయాసం వచ్చింది. "ఆ పిల్లగాడు సార్ నేర్పినట్టే దూకిండు. చుక్క దగ్గరుండె. వాని చేతుల్ల దమ్ముంది. నాకే కండ్లల్ల ఓర్వలేనితనం ఉండె."

ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డయింది. సోమవారం ఆఫీసులోకి రమ్మని మాత్రం అని, గిర్రున తిరిగి వెళ్ళిపోయారు. సాయిబాబు బంతుల వల కింద పెట్టి దగ్గరికొచ్చాడు.

"నేను హాఫ్‌టైములో చూశానండి. రెఫరీకి చెప్పాల్సింది. మీ మాట పోతుందని ఆగిపోయాను. తప్పు నాది కూడా."

"గదే సార్ మీతోని వచ్చిన బాధ," అన్నాడు ఉరుకుందప్ప. కోపంగానే అన్నాడు. "మేకు కొట్టిన దినమే నా ముఖం మీద అనకపోతిరి! ఒక పూట ఏడ్చి ఊకుంటుంటి."

ప్రాణేశ్ ఇంకా టేపు కొస పట్టుకునే ఉన్నాడు. కాసేపటికి దాన్ని వదిలి, బూట్ల కుప్ప దగ్గరికి పోయి గ్లౌజులు తీసుకున్నాడు. అమరేశ్ వాడి భుజం మీద చేయి వేయబోతే విదిలించేశాడు. ఉరుకుందప్ప వైపు అసలు చూడలేదు. చూడమని అడిగే ముఖం కూడా అతనికి లేదు.

*

ఆదివారం పొద్దున తాడు చుట్ట సంచిలో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరాడు. శక్తినగర్ పోవాలి. బూడిద లారీలు ఆగే చోట అడిగితే ఈరప్ప ఎక్కడున్నాడో ఎవరైనా చెబుతారు. కాళ్ళు అలవాటుగా వెనక గేటు సందులోకి తిరిగాయి. సందు మొదట్లో ఆగాడు. కాసేపు నిలబడి, వెనక్కి తిరిగి, మెయిన్ గేటు వైపు నడిచాడు.

ఉలిగెమ్మ అక్కడే ఉంది. గంప ముందు పెట్టుకుని, తడిగుడ్డతో పండ్లు తుడుస్తోంది. రెండేళ్ళలో జుట్టు బాగా నెరిసింది. ఎవరో బేరానికి వచ్చారనుకుని, తలెత్తకుండానే ఒక అరటి అత్తం చేతిలోకి తీసుకుంది. తర్వాత తలెత్తింది. మనిషిని పోల్చుకుని, ఆ అత్తం మళ్ళీ గంపలో పెట్టేసింది.

ఉరుకుందప్ప చెప్పులు వదిలి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. సంచిలోంచి తాడు తీసి గంప పక్కన పెట్టాడు. ఇంటి దగ్గర పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. తాడు కుంచించుకుపోయిందని, తన మైదానంలో దగ్గరి చుక్క మీద ఆడి ఆడి పిల్లలు గుల్బర్గాలో దూరం అందుకోలేకపోయారని, ముందొకటి వెనకొకటిగా చెప్పాడు. ఆమె తాడు వైపు చూడలేదు. అతని ముఖమే చూస్తోంది.

"తప్పు నీ కొడుకుది గాదు ఉలిగెమ్మా. నాది," అన్నాడు. "శక్తినగర్ పొయ్యి వానికి కూడ చెప్పొస్త."

ఆమె తడిగుడ్డ పిండి, దులిపి, గంప అంచున ఆరేసింది. మాన్వి బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, పక్కన బీడీల డబ్బా మనిషి, టీ కొట్టు ముందు కండక్టర్లు, ఈరప్పను తిట్టిన రోజు ఉన్నవాళ్ళలో సగం మంది ఇప్పుడూ ఉన్నారు.

"లేసి నిలబడి చెప్పు," అంది ఉలిగెమ్మ. "జర గట్టిగ చెప్పు. ఆ దినం గింత మెల్లగ అనకపోతివి."

ఉరుకుందప్ప మోకాలి మీద చేయి ఆనించి లేచి నిలబడ్డాడు.